ముందు వేలు, తర్వాత నీళ్లు

మిర్యాలగూడ వైపు ఒకానొక ఠాణా. వానాకాలం మధ్యాహ్నం. రాతకోతలు చూసే రైటర్ జగదీశ్ భోంచేసి, పళ్లు కుట్టుకుంటూ బీరువాలోంచి ఎర్రగుడ్డ మూట తీశాడు. తండా మగాళ్లను అనుమానమని పట్టుకొచ్చినప్పుడల్లా తెల్లకాగితాల మీద ముందే వేలిముద్రలు వేయించి అందులో దాచేవాడు. వాడపల్లిలో మోటారు పోయినా, వేములపల్లిలో మేక పోయినా ఒక కాగితం తీసి, ముద్ర పైన నేరం ఒప్పుకున్నట్టు రాసేసేవాడు. దొంగను వెతకడం లాంటి చిల్లర పనులు ఆ మహానుభావుడికి గిట్టవు. లంబాడా అయితే చాలు, దొంగ దొరికినట్టే. ఈ పాటి తెలివికి సర్కారు నెలనెలా జీతం కూడా ఇస్తోంది.

ఆ రోజు వంతు కిరణ్‌ది. కానిస్టేబుల్ పరీక్ష పాసై ఆర్డరు కోసం చూస్తున్న కుర్రాడు, పొద్దుటినుంచి లాకప్‌లో ఉన్నాడు. వాడి తండ్రి ఫూల్‌సింగ్ మొన్న ఎండాకాలం ఆ లాకప్‌లోనే పోయాడు. రికార్డులో గుండెపోటని రాసిందీ జగదీశే.

గుమ్మం దగ్గర తల్లి చిన్ని నిలబడింది.

"మావోడు ఏం జేసిండు సారూ?"

"తండాల పుట్టిండు గదా. ఇంకేం జెయ్యాలె?"

"కేసు రాస్తే నౌకరి రాదు సారూ. వాని బతుకు ఖతమైతది."

"గొడ్లు కాసుకుంటడు తియ్. పో, గాడ కూసో."

జగదీశ్ కిరణ్ ముద్రున్న కాగితం తీసుకుని, 'నేను, ఫూల్‌సింగ్ కొడుకు కిరణ్‌ను' అని మొదలుపెట్టాడు. గొంతు ఎండింది. సీసా ఎత్తి నోట్లో వంచుకున్నాడు. నీళ్లు కదిలాయి గానీ నోట్లో చుక్క పడలేదు. కుళాయి తిప్పితే గాలి బుసకొట్టింది. బయట వాన దంచుతోంది. కిటికీలోంచి చెయ్యి చాపాడు...

అరచెయ్యి పొడిగానే ఉంది.

గదిలో బీడీ వాసన. చెవి పక్కనే ఎవరో దగ్గారు.

"సారూ... జర నీళ్లు..."

ఆ గొంతు అతనికి తెలుసు. ఎండాకాలం అది మూడుసార్లు అడిగింది. "ముందు వేలు వెయ్. తర్వాత నీళ్లు" అన్నాడు తను. ఫూల్‌సింగ్ వేశాడు. తను కాగితం మడిచి అన్నానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి మనిషి లేడు.

"నేనేసిన సారూ... ఇగ నువ్వెయ్..."

నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. సిరా డబ్బా మూత దానంతటదే లేచింది. జగదీశ్ ఏడుస్తూ బొటనవేలు అద్దాడు. రాస్తున్న కాగితం మీదే నొక్కాడు.

నీళ్లు రాలేదు.

సాయంత్రం ఎస్సై వచ్చి వాంగ్మూలం అడిగాడు. జగదీశ్ ఇచ్చిన కాగితం మీద రాతా లేదు, కిరణ్ ముద్రా లేదు. ఎస్సై బూతులు తిట్టి కుర్రాణ్ని వదిలేశాడు. పోతూ పోతూ కిరణ్ ఆ బల్ల మీది సీసానే ఎత్తి గటగటా తాగాడు. చిన్ని కొడుకు చెయ్యి పట్టుకుని వానలోకి నడిచింది.

జగదీశ్ మూట విప్పాడు. తండావాళ్ల ముద్ర ఒక్కటీ మిగల్లేదు. ప్రతి కాగితం అడుగునా తడిగా ఒకే వేలిముద్ర... తనది. పైన అంతా ఖాళీ. అలాంటి కాగితాల మీద ఏమైనా రాయొచ్చని అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

బల్ల మీద పెన్ను కనిపించలేదు. ఖాళీ లాకప్‌లోంచి కాగితం మీద పెన్ను గీస్తున్న చప్పుడు వస్తోంది... మెల్లగా, కూడబలుక్కుంటూ రాస్తున్నట్టు.

బతికున్నన్నాళ్లూ ఫూల్‌సింగ్‌కు చదువు రాలేదు.