పన్నెండు అంచుల చెర

రత్నగండి రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. రాజబిడ్డలైనా సరే, అక్కడ కత్తి కంటే ముందు సానచక్రం పట్టాలి. కొండల నిండా రంగురాళ్లు దొరికే దేశమాయె, ఆ మాత్రం ఉండదూ! చక్రం ముందు కూర్చోబెట్టగానే గురువు ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాడు: "రాయి తరగడమే మన పని. తరిగింది మళ్లీ అతకదు. చూసి తరుగు."

రాజు సుధన్వుడి కూతురు వకుళమాల ఆ మాట వింటూనే పెరిగింది. ఆమె అన్న యువరాజు శరభాంకుడు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. అలాగని క్షణం విడిచి ఉండేవారూ కారు.

ఒకనాడు కరాళదంతుడనే రాక్షసుడు నిండు కొలువులోకి వచ్చి, రత్నాల గనులన్నీ తనకు అప్పగించమన్నాడు.

"నీ మొహానికి గులకరాయి కూడా ఎక్కువే, పోరా!" అన్నాడు శరభాంకుడు. కుర్రతనం, ఏం చేస్తాం!

రాక్షసుడు చేయి విసిరాడు. యువరాజు నిలబడ్డ చోట మనిషెత్తు స్ఫటికపు రాయి ఒకటి వెలిసింది. పెద్ద పాచికలాగా దానికి ఆరు పలకలూ సమానంగా ఉన్నాయి. లోపల శరభాంకుడు నీడలా కనిపిస్తున్నాడు.

"ఈ రాయికి పన్నెండు అంచులు. అవే వీడి సంకెళ్లు. రవ్వంత రాయి తగ్గకుండా ఈ పన్నెండూ మాయం చేస్తే వీడు మీవాడు, నేను మీకు లొంగిపోతాను. వసంతపంచమి పొద్దు గుంకేలోగా చేయలేకపోయారా, వీడు శాశ్వతంగా రాయే, గనులు నావే!" అని కరాళదంతుడు విరగబడి నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆస్థాన సానకారుడు ఒక అంచు మీద ఆకురాయి ఆడించాడు. అంచు పోయింది. దాని స్థానంలో, అటొకటి ఇటొకటి, రెండు అంచులు తేలాయి! రాయి లోపలి నుంచి అబ్బా అన్న మూలుగు వినిపించింది. అంతే, మరి ఎవరూ ఆ రాయిని ముట్టుకునే సాహసం చేయలేదు. చూస్తూండగానే ఆ అరిగిన చోటు పూడుకుని, రాయి మళ్లీ మొదటిలాగే అయింది.

నీలాటవికి అవతల, కొండ మీద ఒక తాపసి అవ్వ దగ్గర ఎలాంటి వస్తువు రూపునైనా మార్చగల రూపదర్పణమనే అద్దం ఉందని వకుళమాల విన్నది. తండ్రి వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి కళ్లు తుడుచుకుని పంపాడు. ముళ్లకంపలు గీరుకుపోయినా, కాళ్లు బొబ్బలెక్కినా ఆమె ఆగకుండా అడవి దాటి కొండెక్కింది.

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "రాజ్యం నిలుపుకోడానికి వచ్చావా, అమ్మాయీ?"

"రాజ్యం సంగతి నాన్నగారు చూసుకుంటారు, అవ్వా. నాకు మా అన్నయ్య కావాలి," అన్నది వకుళమాల. అనడమేమిటి, భోరుమని ఏడ్చేసింది.

అవ్వ ఆమె తల నిమిరి అద్దం తెచ్చింది. ఒక బండరాయి ముందు దాన్ని పట్టగానే, ఆ బండ అద్దంలో వెలుగుదారాలతో అల్లిన బుట్టలా కనిపించింది. అంచులన్నీ దారాలు, మధ్య అంతా ఖాళీ.

"అద్దంలో నువ్వేం చేస్తే ఎదుట ఉన్న వస్తువుకు అదే జరుగుతుంది. గీత గీస్తే తెగుతుంది, పలకను పట్టి లాగితే సాగుతుంది. పొరపాటు చేస్తే అద్దం వీపున తట్టు, చివరి పని చెరిగిపోతుంది. కాని ఒక్క చివరి పనే సుమా! నువ్వు కోతలోనే పెరిగినదానివి, అదే నాకు భయం," అన్నది అవ్వ.

తిరుగుదారిలో కొండచరియ మీద ఒక మహాపక్షి లబోదిబోమంటూ కనిపించింది. "ఏం చెప్పమంటావు తల్లీ! నా పిల్ల ఆడుకోడానికి గుండ్రాళ్లు తెస్తే అన్నీ లోయలోకి దొర్లిపోతున్నాయి. వాటి వెంట ఇదీ దూకబోతోంది. దొర్లని ఆటవస్తువు ఎక్కడైనా ఉంటుందా?"

వకుళమాల ఒక బండ ముందు అద్దం పట్టి, నాలుగు పక్కలా నాలుగు కోతలు కోసింది. అటూ ఇటూ ఎటు పడినా ముక్కోణపు పలక మీదే నిలిచే చిన్న గోపురం తయారైంది. పిల్ల ఎగిరి దాని మీద కూర్చుని కెవ్వుమన్నది. మొన గుచ్చుకుంది! వకుళమాల నవ్వి నాలుగు మొనలూ చెక్కేసింది. పిల్ల దాన్ని ముక్కుతో పొడిచి, కాలితో తన్ని చూసింది. అది కదిలితే ఒట్టు! తల్లిపక్షి పొంగిపోయి వకుళమాలను రెక్కల మీద ఎక్కించుకుని, వసంతపంచమి మధ్యాహ్నానికి కొలువు ముంగిట దించింది.

కరాళదంతుడు అప్పటికే సింహాసనం పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వకుళమాల వాడి వంక చూడలేదు. అన్న ముందు అద్దం పట్టింది. వెలుగుదారాల మధ్య శరభాంకుడు చేతులు కట్టేసినట్టు కనిపించాడు. చేతి అలవాటు ఊరుకుంటుందా? వేలు తనంతట తానే ఒక అంచు మీద కోత గీసేసింది. శరభాంకుడి కేక కొలువంతా మారుమోగింది.

"కోయి, కోయి! వాడు సన్నబడి చస్తాడు!" అని రాక్షసుడు చప్పట్లు చరిచాడు.

వకుళమాల చప్పున అద్దం వీపున తట్టింది. కోత చెరిగింది, కేక ఆగింది. 'తరిగితే అంచులు పెరుగుతున్నాయి. పైగా అన్నయ్యకు నొప్పి. మరి తరగకుండా ఏం చేయాలి?' అనుకున్నది. నేర్చిన చదువంతా పక్కన పెట్టి, జీవితంలో మొదటిసారి రాయిని పెంచడానికి చేయి చాచింది.

పై పలకను సరిగ్గా నడుమ పట్టుకుని మెల్లగా లాగింది. పలక గుడారంలా లేచింది. పక్క పలకనూ అలాగే లాగింది. రెంటి మధ్య అంచు ఇంకా ఉంది, కాని మొద్దుబారింది. ఇంకాస్త లాగింది. ఈసారి అంచు గాడిలా లోపలికి దిగింది.

"అయ్యో పాపం, ఎక్కువైందే!" అన్నాడు రాక్షసుడు వెటకారంగా.

వకుళమాల అద్దానికి చెంప ఆనించి, ఏటవాలు మీద చూపు పెట్టి, వెంట్రుకవాసి చొప్పున వెనక్కి నెట్టింది. ఈ గుడారపు వాలూ ఆ గుడారపు వాలూ ఒకే చదునులో కలిశాయి. మధ్య దారం తళుక్కుమని మాయమైంది! లోపల శరభాంకుడి కుడిచేయి ఊడివచ్చింది.

"పోయింది! అంచు పోయింది!" అని కొలువంతా లేచి నిలబడింది.

ఇంక ఆమె చేతిని పట్టేవాడెవడు? మూడో పలక, నాలుగో పలక, ఐదో పలక. ఎత్తు సరిపోయిన చోటల్లా అంచులు కరిగిపోయాయి. పొద్దు కొండ అంచుకు చేరేసరికి ఆరో గుడారం లేచింది. ఆఖరి సంకెళ్లు కూడా ఊడాయి.

"మోసం! కొత్త అంచులు వచ్చాయి!" అని రాక్షసుడు గావుకేక పెట్టాడు.

"వస్తే నీకేం? నువ్వు పోగొట్టమన్నది ఆ పన్నెండింటినే. రవ్వంత రాయి తగ్గిందేమో చూసుకో," అన్నది వకుళమాల.

వాడు అద్దం లాక్కోబోయి దానికి ఎదురుపడ్డాడు. ఇంకేముంది, వాడి రూపమూ దారాల్లో కనిపించింది. ఆమె వాణ్ణి రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కింది. కరాళదంతుడు గురిగింజంత అయ్యాడు. ముంగిట కాచుకుని ఉన్న మహాపక్షి వాణ్ణి ముక్కున కరుచుకుపోయి ఏడు సముద్రాల అవతల వదిలిపెట్టింది.

స్ఫటికం మంచులా కరిగింది. శరభాంకుడు బయటికి తూలి, చెల్లెలి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఏమే, ఇంత ఆలస్యమా? ఆకలితో చచ్చిపోతున్నాను!" అన్నాడు. ఆ వెంటనే నవ్వులాట మానేశాడు. "లోపలి నుంచి అంతా చూశాను చెల్లీ. నా నోటిదురుసు రాజ్యాన్ని ముంచబోయింది, నీ ఓర్పు నిలబెట్టింది. ఈ సింహాసనం నీది."

"అది నీ హక్కురా, అన్నయ్యా..."

"హక్కుదారుణ్ణి కనుక నేనే ఇస్తున్నాను. మాట్లాడకుండా కూర్చో!"

సుధన్వుడు ఆనందబాష్పాలతో తలపైనున్న కిరీటం తీసి కొడుకు చేతికిచ్చాడు. భేరీలు మోగాయి, వీథులన్నీ జనంతో పోటెత్తాయి. అప్పుడే చెర వీడిన చేతులతో శరభాంకుడు ఆ కిరీటాన్ని చెల్లెలి తల మీద పెట్టి, రత్నగండి మహారాణికి అందరికంటే ముందు తానే జేజేలు పలికాడు.