పిలిచాక ఐదు లెక్కపెట్టండి

మా క్లాసు గోడ గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తోందని స్టూలెక్కి సరిచేయబోయి కింద పడ్డాను. కాలు విరిగింది. గడియారం మాత్రం రెండు నిమిషాలు వెనకే ఉండిపోయింది. పిల్లలు నన్ను అంతకుముందు నుంచే గడియారం సార్ అనేవాళ్ళు. ఇక వాళ్ళని తప్పుపట్టడానికి కూడా లేకుండా పోయింది.

రెండు నెలల పది రోజుల తర్వాత చేతికర్ర పట్టుకుని మళ్ళీ స్కూలుకొచ్చాను. ఐదో తరగతి, ముప్పై ఎనిమిది మంది. నా క్లాసులో ఏ వస్తువు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. కళ్ళు తెరిచి చూస్తే ఒక్కటీ అక్కడ లేదు. టైమ్‌టేబుల్ ఉండాల్సిన గోడకి అడ్డంగా మూడు తాళ్ళు, వాటి నిండా బట్టల క్లిప్పులు. నా కుర్చీ కిటికీ పక్కకి వెళ్ళిపోయింది. బల్ల దగ్గర కొత్త టీచరు నిలబడి చాక్‌పీసులు సర్దుతోంది.

ఇక్కడ ఎవరి బట్టలు ఆరేస్తారండీ అని అడిగాను.

ఆమె తలెత్తకుండానే, "మీవి ఉంటే తెచ్చుకోండి సార్, చోటుంది," అంది.

మా పరిచయం ఇలా మొదలైంది. ఇది ప్రేమకథకి మొదలని ఆ రోజు ఎవరైనా అనుంటే చేతికర్ర తిరగేసేవాణ్ణి.

నా బదులు తాత్కాలికంగా వచ్చిన టీచరు ఆమె. పిల్లలు క్లిప్పుల టీచర్ అని పేరు పెట్టారు. తాళ్ళ సంగతి ఓపిగ్గానే చెప్పింది. ప్రతి క్లిప్పు మీదా ఒక రోల్ నంబరు. పొద్దున రాగానే పిల్లలు తమ క్లిప్పు తీసి తాడుకి పెట్టుకోవాలి. పై తాడు, 'నేను రెడీ'. మధ్య తాడు, 'కాసేపాగి అడగండి'. అంటే ఇంట్లో గొడవైంది, లేదా కడుపునొప్పి, లేదా ఊరికే మనసు బాగాలేదు, ఏదైనా సరే. కింది తాడు, 'నా దగ్గరికి రండి'. నంబరు లేని ముప్పై తొమ్మిదో క్లిప్పు మీద 'టీచర్' అని ఉంది. టీచర్లు కూడా తగిలించుకుంటారా అన్నాను వెటకారంగా.

"టీచర్‌కి తలనొప్పిగా ఉంటే పిల్లలకి తెలియొద్దా సార్?"

నా క్లాసులో హాజరు తీసుకోవడానికి ఒకటిన్నర నిమిషం పడుతుందని, దానికి క్లిప్పులూ తాళ్ళూ అక్కర్లేదని చెప్పాను. ఆమె నాలుగు పేజీల నోట్ ఒకటి చేతిలో పెట్టి, ఏ పిల్లకి ఏం కావాలో ఇందులో రాశాను, ఈ రోజే చదవండని రెండుసార్లు చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఈ పిల్లల్ని జూన్ నుంచి చూస్తున్నవాణ్ణి నేను. నోట్ తీసుకెళ్ళి సొరుగులో పడేశాను.

హెచ్ఎం మేడమ్ ఆమెకి నెలాఖరు దాకా పక్క గదిలోని నాలుగో తరగతి ఇచ్చారు. ఆ తర్వాత ఉంచాలా వద్దా అన్నది మేనేజ్‌మెంట్ తేలుస్తుందట, దానికి నా అభిప్రాయం రాసివ్వమన్నారు. 'సమయం వృథా' అని రెండు మాటలు రాసి పదకొండుంపావుకి ఇచ్చేశాను. తాళ్ళు విప్పి, క్లిప్పులన్నీ బిస్కెట్ డబ్బాలో పోసి ఆమెకి అప్పజెప్పాను. కుర్చీ వెనక్కి లాక్కున్నాను.

మొదటి నాలుగు రోజులూ దివ్యంగా గడిచాయి. నేను మెట్లెక్కి వచ్చి కూర్చుంటే ఐదు నిమిషాల పాటు క్లాసులో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. రెండు నెలలు లేకపోయినా నా పట్టు ఎక్కడికీ పోలేదని ఇంటికెళ్ళి అక్క దగ్గర కోతలు కోశాను. కాలు విరిగినప్పటి నుంచి వాళ్ళింట్లోనే ఉంటున్నాను. అక్క ఊఁ కొట్టి ఊరుకుంది.

ఐదో రోజు పొద్దున ఒక దర్జీ గారు వచ్చారు. మెడలో టేపు అలాగే ఉంది. ఫోన్ తీసి చూపించారు. మీ అమ్మాయి ఈ రోజు రాలేదు అని స్కూలు నుంచి వరసగా నాలుగు మెసేజీలు. రోజూ తనే గేటు దగ్గర దింపి వెళ్తున్నానని, లోపలికి రాకపోతే పాప ఎక్కడికి వెళ్తోందో తెలియక నిన్న రాత్రి ఇవన్నీ చూసినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదని చెప్పారు.

పాప మూడో బెంచీలో కూర్చుని ఉంది. నాలుగు రోజులూ అక్కడే కూర్చుంది. పద్నాలుగో నంబరు.

ఆ పిల్లకి మాట మొదలుపెట్టడానికి కొంచెం సమయం పడుతుంది. నేను 'పద్నాలుగు' అనేసరికి ఆ మాటని కూడదీసుకునేది. కూడదీసుకునేలోపు నేను పదిహేడు దాకా వెళ్ళిపోయేవాణ్ణి. తలెత్తి చూసే అలవాటు నాకు లేదు, ఒకటిన్నర నిమిషంలో పూర్తిచేసే కిటుకే అది. సెలవుకి ముందైతే పక్క పిల్ల 'ఉంది సార్' అని అందించేదట. ఆ పిల్ల ఇప్పుడు వేరే బెంచీకి మారిపోయిందన్న సంగతి కూడా నాకు తెలియదు. రిజిస్టర్లో ముత్యాల్లాంటి నా చేతిరాతతో నాలుగు ఆబ్సెంట్లు ఉన్నాయి.

దర్జీ గారికి క్షమాపణ చెప్పాను. ఇంట్లో మేమూ తొందరపెడుతుంటాం లెండి అన్నారాయన పెద్దమనసుతో. వెళ్తూ వెళ్తూ, ఆ టీచరమ్మ ఉన్నప్పుడు మాత్రం పాప మాకంటే ముందే లేచి తయారయ్యేదని చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సొరుగులోంచి నోట్ తీశాను. 'పద్నాలుగు: పిలిచాక ఐదు లెక్కపెట్టండి. తనే పలుకుతుంది. వేరేవాళ్ళని అందించనివ్వొద్దు.' అంతే ఉంది. 'ఇరవై రెండు: బోర్డు సరిగ్గా కనపడదు, చెప్పుకోదు. ముందు బెంచీ.' 'ముప్పై ఒకటి: పొద్దున ఏమీ తినకుండా వస్తుంది. మొదటి పీరియడ్ లెక్కలు వద్దు.' అలా ముప్పై ఎనిమిది మందీ అయ్యారు. నాలుగో పేజీ చివర ఇంకొకటి ఉంది.

'ముప్పై తొమ్మిది: సార్. కాలు నొప్పిగా ఉంటుంది, కానీ చెప్పుకోరు. కుర్చీ కిటికీ పక్కకి జరిపాను, అక్కడైతే కాలు చాపుకోవచ్చు. మెట్లెక్కి వచ్చాక ఐదు నిమిషాలు ఎవరూ సార్‌ని పలకరించొద్దని పిల్లలకి చెప్పాను.'

నా పట్టు సంగతి అదీ.

నన్ను చూడకముందే రాసిన నోట్ అది. ఆ ఐదు నిమిషాలూ నేను నిజంగానే పళ్ళు బిగబట్టి కూర్చునేవాణ్ణి. ఆ సంగతి అక్కకి కూడా చెప్పలేదు. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు, గడియారం చూడలేదు. ఆమె అంటే నాకు ఇష్టం కలిగింది అప్పుడే. సాయంత్రం అక్క నా చేతిలోంచి నోట్ లాక్కుని చదివింది. నిన్ను ముప్పై తొమ్మిదో పిల్లాడి కింద లెక్కేసిందంటే నీ సంగతి బాగా అర్థమైందిరా, ఈ అమ్మాయిని వదులుకుంటే రెండో కాలు నేనే విరగ్గొడతాను అంది. అంటే అక్క దీవెన ముందే దొరికేసింది.

మర్నాడు హెచ్ఎం మేడమ్ దగ్గరికెళ్ళి నా అభిప్రాయం వెనక్కిమ్మన్నాను. మేనేజ్‌మెంట్‌కి నిన్ననే వెళ్ళిపోయిందన్నారు. ఎదురుగా కూర్చున్న పిల్లని నాలుగు రోజులు ఆబ్సెంట్ వేశానని చెప్పాను. నెలాఖరుకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆవిడ, రేపు మీ క్లాసుకొచ్చి నేనే కూర్చుంటాను, చూశాక రాస్తానన్నారు.

అక్కణ్ణుంచి పక్క గది గుమ్మం దగ్గరికెళ్ళాను. బయట వాన మొదలైంది. తాళ్ళు మళ్ళీ కట్టాలి, బిస్కెట్ డబ్బా ఇస్తారా అని అడిగాను. ఆమె డబ్బా అందిస్తూ నోట్ చదివారా అంది.

"నాలుగో పేజీ కూడా," అన్నాను.

ఆమె గబుక్కున కిటికీ వైపు తిరిగి వాన చూడటం మొదలుపెట్టింది. అంతగా చూడాల్సిన వానేం కాదది.

మర్నాడు మేడమ్ చివరి బెంచీలో కూర్చున్నారు. పిల్లలు క్లిప్పులు తగిలించుకున్నారు. నేను తలెత్తి, ఒక్కో మొహం చూస్తూ పిలిచాను. పద్నాలుగు అన్నాక మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఐదు కూడా కాలేదు, "ప్రెజెంట్ సార్" అంది పాప. పదిహేను అనడానికి నాకే కొంచెం సమయం పట్టింది. మొత్తం హాజరుకి తొమ్మిది నిమిషాలు. మేడమ్ లేచి వెళ్ళిపోయారు. శుక్రవారం మధ్యాహ్నం క్లిప్పుల టీచర్‌ని కొనసాగిస్తున్నట్టు కాగితం వచ్చింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక, డబ్బాలో మిగిలిన తన 'టీచర్' క్లిప్పు తీసుకోవడానికి ఆమె వచ్చింది. కింది తాడుకి కొత్త క్లిప్పు ఒకటి ఉంది. 'నా దగ్గరికి రండి' తాడుకి, 'గడియారం' అని రాసి ఉన్న క్లిప్పు. ఆమె దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందండీ," అన్నాను. తిప్పి చెప్పడం నాకు రాదు.

నేను ఐదు లెక్కపెట్టాను. ఏమీ లేదు. పది లెక్కపెట్టాను. ఇరవై దాటింది.

"ఐదు అని రాసింది పద్నాలుగో నంబరుకి సార్. నాకెంత పడుతుందో ఎక్కడా రాయలేదుగా."

"రాయలేదు. అందుకే లెక్క ఆపలేదు."

ఆమె నవ్వు ఆపుకుంటూ తన క్లిప్పుని మధ్య తాడుకి తగిలించి వెళ్ళిపోయింది. కాసేపాగి అడగండి. ఆ కాసేపు శని, ఆదివారాలు రెండూ తినేసింది.

సోమవారం ముప్పై ఎనిమిది మంది హాజరూ అయ్యాక రిజిస్టర్ మూయలేదు. ముప్పై తొమ్మిది అని పిలిచి, ప్రెజెంట్ అని నేనే పలికాను. పిల్లలు పకపకా నవ్వారు. ఆమె చాక్‌పీసులు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"నలభై," అని పిలిచాను.

క్లాసంతా గుమ్మం వైపు తిరిగింది. ఐదు దాటింది, పది దాటింది. నాకు ధైర్యం చాలక రిజిస్టర్ మూయబోయాను. మూడో బెంచీలోంచి పద్నాలుగో నంబరు చెయ్యెత్తి, ఇంకా ఆగమని సైగ చేసింది. ఆగాను.

"ప్రెజెంట్ సార్," అంది ఆమె. లోపలికొచ్చి, మధ్య తాడు మీది తన క్లిప్పు తీసి కింది తాడుకి, నా క్లిప్పు పక్కన పెట్టి, చాక్‌పీసులు అడగడం మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆ రోజు హాజరుకి పదకొండు నిమిషాలు పట్టింది. గోడ గడియారం ఇప్పటికీ రెండు నిమిషాలు వెనకే ఉంది. నేను దాని జోలికి వెళ్ళడం లేదు.