వెనక గోడ కాడి దొంగ

హిందూపురం శివార్లలో ఒక కాలేజీ హాస్టలుండేది. దాని వెనక గోడకు మంచి పేరు లేదు. ఎప్పుడో ఒక దొంగను అక్కడే కొట్టి చంపారట. చీకటి పడితే అటు ఎంత మొనగాడూ పోయేవాడు కాదు...

తొంభై ఆరులో బాబావలి అక్కడ డిగ్రీ చదివేవాడు. ముదిగుబ్బ కుర్రాడు. రాత్రి అటెండెన్స్‌కు లేనివాడి సీటు తీసేస్తారు, అదీ అక్కడి రూలు. బయట గది తీసుకునే తాహతు ఎవరికుంది? అందుకే ఒకరికొకరు ప్రాక్సీ పలికేవాళ్ళు.

ఆ రాత్రి కరెంటు లేదు. బాబావలి గదిలోని ఇస్సాకు, అమ్మకు ఒంట్లో బాగాలేదని పెనుకొండ పోయి ఇంకా రాలేదు. వార్డెన్ రంగప్ప చీకటి వసారాలో నిలబడి పేర్లు పిలిచాడు. ఇస్సాకు పేరు రాగానే బాబావలి గొంతు మార్చాడు.

"ఉండా సార్."

కాసేపటికి వెనక గోడ దగ్గర ధబ్బుమని చప్పుడు...

"మనోళ్ళంతా లోపలే ఉండారు. వాడు దొంగే," అన్నాడు రంగప్ప.

పిల్లలు చేతికందిన కట్టెలు, బ్యాట్లు పట్టుకుని పరిగెత్తారు. మొదటి దెబ్బ పడింది. ఇక ఎవరు కొడుతున్నారో ఎవరికీ తెలీదు. ఎముక విరిగింది — మళ్ళీ దెబ్బ — నెత్తురు మొహాల మీద చిందింది. కింద నుంచి సన్నటి మూలుగు...

"కొట్టొద్దండప్పా... నేను ఈడోణ్ణే..."

బాబావలి ఎత్తిన కట్టె దించేశాడు. ఇస్సాకే! నోరు తెరిస్తే ఇద్దరి సీట్లూ పోతాయి, చదువూ పోతుంది. పాడు సీటు, దాని గురించి ఆలోచించేలోపే ఇంకా దెబ్బలు పడ్డాయి. అప్పుడు అరిచాడు.

"ఆపండ్రా... వాడు ఇస్సాకు. ప్రాక్సీ పలికింది నేనే."

కట్టెలు ఆగాయి. రంగప్ప టార్చి వేశాడు.

నేల మీద ఎవరూ లేరు. కట్టెల కొసల నుంచి మాత్రం నెత్తురు కారుతోంది.

అంతలో ముందు గేటు ఎవరో తట్టారు. ఇస్సాకు! బస్సు దొరక్క లారీ పట్టుకుని వచ్చాడట. ఒంటి మీద గీత కూడా లేదు. సీటు పోతే పోయిందని బాబావలి వాణ్ణి వాటేసుకుని ఏడ్చేశాడు.

రంగప్ప మాత్రం గోడ కింద కూలబడ్డాడు.

"ఆ పొద్దు ఆ దొంగ గూడా ఈడోణ్ణేనని ఇదే మాట అన్న్యాడు," అని గొణిగాడు. "అటెండెన్స్‌లో అందరూ ఉండిరి... దొంగే అనుకుంటిమి. కొట్టి కొట్టి, లైటేసి చూస్తే... మన పిల్లోడేరా."