రెండో పాటకే రిమోట్

"నీకు ఇంటర్న్‌షిప్ వచ్చింది," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ.

"యాభై రెండేళ్ళకా, సర్?"

"రిటైరయ్యేలోగా ఏదో ఒకటి నేర్చుకో. వినపడనివాళ్ళకి సంగీతాన్ని ఒంటిమీద కంపనాలుగా అందించే చొక్కాలు తయారుచేసే ల్యాబ్ అది. గుండె దడ కూడా తగ్గిస్తాయట. ఆ డిజైన్‌మీద విదేశీ ముఠా ఒకటి కన్నేసింది. సంగతేంటో చూడు."

అది మూడు నెలల కిందటి మాట. ల్యాబ్‌లో అందరికీ అతను బాబాయి అయిపోయాడు. ఇరవయ్యారేళ్ళ సూపర్‌వైజర్ రోజూ అతనికి చొక్కా తొడిగించి, ప్రతి కంపనమూ కంప్యూటర్ లాగ్‌లో పడిందో లేదో చూడమనేది. తనమీద అనుమానం రాకుండా ఉంటుందని బాబాయి సొంత అక్కనే వాలంటీరుగా చేర్పించాడు. ఆవిడకి పుట్టుకతోనే వినపడదు, పైగా గుండె జబ్బు. ఆ తెలివితక్కువ పనికి నిన్నటినుంచి తనను తాను తిట్టుకోని క్షణం లేదు.

నిన్న అసలు సంగతి చెప్పింది, వాలంటీర్లకోసం పెట్టిన కచేరీలో వయొలిన్ వాయించే ఆవిడ. మెరిసే నీలం గౌను, మత్తుగా నవ్వే కళ్ళు, రెండు దేశాలకీ గూఢచారి.

"ఇన్వెస్టర్‌నని తిరిగే ఆ బూడిదరంగు సూటువాడు చొక్కాల్లో సర్క్యూట్ మార్చేశాడు. రిమోట్ నొక్కితే గుండెమీది పట్టీల్లోకి కరెంటు వస్తుంది. పన్నెండుమంది వాలంటీర్లూ హార్ట్ ఎటాక్‌తో పోయారనుకుంటారు. ఆ ఆయుధం కొనేవాళ్ళు వీడియోలో చూస్తుంటారు. రేపు, ఆఖరి పాటలో."

"అక్కని ఇంట్లోనే ఉంచేస్తాను సర్," అని ఫోన్లో చీఫ్‌ని బతిమాలాడు బాబాయి.

"ఒక్క కుర్చీ ఖాళీగా కనిపించినా వాడు జారుకుంటాడు. ఇంకోచోట ఇంకో పన్నెండుమంది. ఆఖరి పాటకి ముందే రిమోట్‌తో సహా పట్టుకుందాం."

ఇవాళ ఉదయం పదకొండు. పక్క హాల్లో మొదటి పాట నడుస్తోంది. ల్యాబ్‌లో బాబాయి హాలు మైకుకి కలిపిన టెస్ట్ చొక్కా విప్పుతుంటే సూపర్‌వైజర్ తొంగిచూసింది.

"నలభై నిమిషాలనుంచి తొడుక్కునే ఉన్నారా? ఇరవై దాటితే చర్మం మొద్దుబారుతుందని ఎన్నిసార్లు చెప్పాను బాబాయిగారూ! సౌండ్‌చెక్‌లో ఆ వయొలిన్ ఆవిడ మైకుమీద అదేపనిగా కొట్టింది. తెలిసిందా మీకు?"

తెలియలేదు. అతను లాగ్ తెరిచాడు. పొట్టి గీతలు, పొడుగు గీతలు. మోర్స్ కోడ్! ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "ప్లాన్ మారింది. రెండో పాటకే. నన్ను కదలనివ్వడం లేదు."

గోడ అవతల చప్పట్లు మోగాయి. మొదటి పాట అయిపోయింది.

చీఫ్ మనుషులు ఇంకా దారిలోనే ఉన్నారు. బాబాయి పరుగెత్తాడు. హాల్లోకి వచ్చేసరికి వయొలిన్ మళ్ళీ అందుకుంది. సూటువాడి చెయ్యి కోటు జేబులో ఉంది. వాడు అటు చివర, తను ఇటు చివర.

"అక్కా!" అని గొంతు చించుకుని అరిచాడు. పుట్టినప్పటినుంచీ వినని అక్క ఇప్పుడెలా వింటుంది? కళ్ళు కూడా మూసుకుంది. ఇక దేవుడా అనుకున్నాడు.

ఆ పన్నెండుమందికీ వినపడేది చొక్కా ఒక్కటే. వేదిక ఎక్కి మైకుమీద పిడికిలితో గుద్దాడు. మూడుసార్లు. ఆపి, మళ్ళీ మూడుసార్లు. 'వెంటనే విప్పేయండి' అనడానికి వాలంటీర్లకి నేర్పిన గుర్తు అది. పదకొండుమంది పట్టీలు పీకి చొక్కాలు కింద పారేశారు.

అక్క కదల్లేదు. హాయిగా తల ఊపుతోంది.

సూటువాడి జేబు కదిలింది. బాబాయి వేదికమీంచి దూకి, అక్క ఒంటిమీది చొక్కా ఊడలాగి విసిరేశాడు. అది నేలని తాకకముందే చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. వయొలిన్ ఆవిడ మైకు స్టాండుతో సూటువాడి నెత్తిన ఒక్కటి వేసింది.

చీఫ్ మనుషులు వచ్చి వాళ్ళిద్దరికీ బేడీలు వేశారు. ఆవిడ ఎవరి మనిషో తేలడానికి వారం పడుతుందట.

బాబాయి కూలబడి అక్క మణికట్టు పట్టుకున్నాడు. నాడి కొట్టుకుంటోంది. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అక్క అతని చెంప ఛెళ్ళుమనిపించి, వేళ్ళతో సైగలు చేసింది.

"నీ గుద్దులు నాకూ తెలిశాయి. యాభై ఎనిమిదేళ్ళకి పాటంటే ఏంటో తెలిసింది. అయిపోయేదాకా ఆగలేకపోయావా? ముందు ఆవిడ బేడీలు తీయించు. సగంలో ఉన్నాం."