ఓడ మీద తెల్లబట్టల పార్టీ

ఆ ఓడల పనిచేసేటోళ్లెవ్వరు ఎనుక మూలకు ఒంటరిగ పోరట.

పై అంతస్తుల డాన్సులు చేసే పెద్ద హాలు ఉంటది. దాని ఎనుక తలుపు తీస్తె ఒక సన్నటి జాగ. నలుగురు నిలబడితె నిండుతది. ముందట నడుమెత్తు ఇనుప కమ్మీలు. కమ్మీల అవతల… ఇగ ఏం లేదు. కింద నల్లగ నీళ్లు, అంతే.

పగటిపూట అక్కడ సిగరెట్లు తాగుతరు, ఫోటోలు దిగుతరు. పొద్దుగూకినంక మాత్రం ఖాళీ గిలాసలు ఏరుకొచ్చేటందుకు సుత ఇద్దరు కలిసే పోతరట. తెల్లబట్టల పార్టీ ఉన్ననాడైతె — అసలే పోరట.

నేను సముద్రం చూసినదాన్ని కాదు. నిజాంసాగర్ నిండినప్పుడు చూసిన, గంతే. నా పేరు జీనత్. ఎల్లారెడ్డిల ఆడోళ్ల బట్టలు కుట్టే దుకాణం నాది. ఈ ముచ్చట నాకు ఉమాదేవి చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే చెప్తున్న. నమ్ముడు, నమ్మకపోవుడు మీ ఇష్టం.

ఉమాదేవి మొగడు దేవీసింగ్‌ది బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం. మంచి మనిషి. నోట్లె నుంచి ఒక్క తప్పుడు మాట రాదు. కాని తాగుడు మాత్రం బాగ ఉండె.

తాగి తాగి, కండ్లు పచ్చగై, కడుపు ఉబ్బి కామారెడ్డి దవాఖానల పడ్డడు. డాక్టరు ఉమాదేవిని పక్కకు పిలిచి, "అమ్మా, ఈసారికి బతికిండు. మళ్ల తాగితె మాత్రం నా దగ్గరికి తీస్కరాకుండ్రి" అన్నడట.

ఆనాటి సంది దేవీసింగ్ ముట్టలే. పెండ్లిళ్లల, దావత్‌లల అందరు తాగుతుంటె సోడా పట్టుకొని మూలకు కూసుంటుండె. ఉమాదేవి దూరం నుంచి చూసుకుంట ఉంటుండె.

గట్ల ఉన్నప్పుడు విత్తనాల కంపెనోళ్లు, మాల్ మంచిగ అమ్మిన దుకాణపోళ్లను ఆలుమొగలిద్దర్ని ఓడ మీద టూరుకు తీస్కపోతమన్నరు. బొంబాయిల ఎక్కుడు, సముద్రం మీద తిరుగుడు, మళ్ల బొంబాయిల దిగుడు. తిండి, తాగుడు, ఆటపాట, అంత కంపెనీదే.

కంపెనీల పనిచేసే పల్లవి అనే పిల్ల ఫోన్ చేసి అన్ని విడమరిచి చెప్పింది.

"అక్కా, మిగతా రోజులు మీ ఇష్టం. ఒక్కనాడు మాత్రం రాత్రి వైట్ పార్టీ ఉంటది. పైనుంచి కింది దాక తెల్లగనే ఉండాలె. లేకపోతె తలుపు కాడనే ఆపుతరు."

ఉమాదేవి నా దగ్గరికి ఉరికొచ్చింది. పొడుగు చేతుల తెల్ల అనార్కలి కుట్టిచ్చిన. ఏసుకొని అద్దంల చూసుకొని, "అక్కా, కాలేజి పిల్ల లెక్క ఉన్ననా?" అని నవ్వింది.

ఆమె అత్త పార్వతిబాయి నవ్వలేదు. తండాల పుట్టి పెరిగిన పెద్దమనిషి. రంగురంగుల బట్టలు తప్ప తెల్లది ఒంటి మీద ఏసి ఎరుగదు.

"మొగడు బతికుండంగ తెల్లబట్టేంది? చావింటికి పోతున్నవా?" అన్నదట.

ఉమాదేవి బట్టలు సూట్‌కేసుల మడతవెట్టుకున్నది. కామారెడ్డిల రైలెక్కిన్రు.

* * *

ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే ఉమాదేవికి చేతులు కాళ్లు ఆడలేదట. మోకాళ్ల మీదికి గౌన్లు ఏసుకున్న ఆడోళ్లు, టై కట్టుకున్న మొగోళ్లు. నీలం రంగు, ఎర్రరంగు షర్బతుల లెక్క ఏవేవో మందులు. అందరి చేతులల్ల గిలాసలు. ఆమె కొంగు సవరించుకుంట గోడ పక్కకు నిలబడ్డది.

కంపెనీ పెద్దసారు వచ్చి దేవీసింగ్ భుజం మీద చెయ్యేసిండు. "ఏం దేవీసింగ్, ఓడ మీద సోడా తాగేటోడిని నిన్నే చూస్తున్న!" అన్నడు. చుట్టున్నోళ్లు నవ్విన్రు. దేవీసింగ్ మొకం చిన్నగైంది.

అప్పుడొచ్చిండు ప్రభుదాసు.

గిలాసలు పంచే పని ఆయనది. పిలగాడనుకునేరు, కాదు, నలభై ఏండ్ల మనిషి. వీళ్ల మాట ఇని ఆగిపోయిండు. "మీది ఏ ఊరక్కా?"

"ఎల్లారెడ్డి."

"అయ్యో! మాది లింగంపేట. మా అమ్మ ఇప్పటికీ బీడీలు చేస్తది." అంత దూరంల సొంతూరి మాట ఇనేసరికి ఆయనకు కండ్లల్ల నీళ్లు తిరిగినయట. తర్వాత, దేవీసింగ్ సంగతి తెలుసుకొని, నిమ్మకాయ నీళ్లను మందు పోసే గిలాసలనే తెచ్చిచ్చుడు మొదలుపెట్టిండు. ఎవరు నవ్వకుండ.

ఎనుక మూల సంగతి చెప్పింది ఆయనే. దేవీసింగ్ లేనప్పుడు, మెల్లగ —

"అక్కా, తెల్లబట్టల పార్టీ నాడు అన్నను ఎనుక తలుపు దిక్కు పోనియ్యకు."

"ఎందుకు?"

ప్రభుదాసు అటు ఇటు చూసిండు.

"నేను చూడలే. ఇన్నదే చెప్తున్న. కొత్తగ పెండ్లయిన పిల్ల, మొగనితోని వచ్చిందట. ఆ రాత్రి ఆమె బట్టలు తెల్లయి కావని తలుపు కాడ ఆపిన్రు. మొగడు లోపల తాగుకుంట కూసున్నడు. ఎనుక తలుపు నుంచన్న పోదమని, బయటి దిక్కు నుంచి కమ్మీలు పట్టుకొని వచ్చిందట… చెయ్యి జారింది. మొగనికి తెల్లారే దాక సోయి లేదు."

ఉమాదేవి "పాపం" అన్నది.

"పాపమే. కాని… ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు మొగోళ్లు గదే మూలల నుంచి పోయిన్రంటరు. తాగి పడ్డరని రాసుకున్నరు. ఆమె ఇప్పుడు తప్పకుండ తెల్లబట్టలల్లనే వస్తదట అక్కా. ఎవ్వరు ఆపరు."

* * *

పార్టీ నాడు సాయంత్రం ఉమాదేవి సూట్‌కేసు తెరిచింది.

అనార్కలి లేదు.

అది ఉండాల్సిన జాగల ఎర్రటి పట్టుచీర. అత్త తీసేసి, ఇది పెట్టింది. పెట్టింది సుత ప్రేమతోనే — మడతల పసుపు కుంకుమ పొట్లం ఉండె.

ఏడ్వాల్నా, నవ్వాల్నా తెల్వలే. ఎర్రచీరనే కట్టుకున్నది. చీరను ఎవరు ఆపుతరులే అనుకున్నది.

ఆపిన్రు. తలుపు కాడ నిలబడ్డ మనిషి మర్యాదగనే చెయ్యి అడ్డం పెట్టిండు. "సారీ మేడం. డ్రెస్."

"నేను సుత రాను పా" అన్నడు దేవీసింగ్. అంతల లోపల నుంచి పెద్దసారు కేకేసిండు. దేవీసింగ్ అటు చూసిండు, ఇటు చూసిండు.

"ఉమా, ఒక్కసారి మొకం చూపిచ్చి వస్త. లేకుంటె మంచిగుండదు."

"తాగనని చెప్పు."

"నీ మీద ఒట్టు."

తలుపు మూసుకున్నది.

ఆ హాలుకు గోడలు లేవు, అన్ని అద్దాలే. ఉమాదేవి బయట నడిచే దారిల నిలబడి చూస్తున్నది. లోపల అంత తెలుపు. వందల మంది. పాట చప్పుడుకు అద్దం గజగజ వణుకుతున్నది గని, మాట ఒక్కటి బయటికి రాదు.

పెద్దసారు గిలాస ఇచ్చిండు. దేవీసింగ్ తల అడ్డం ఊపిండు.

మళ్ల ఇచ్చిండు. చుట్టు ఉన్నోళ్లు గిలాసలు పైకెత్తి దేవీసింగ్ దిక్కే చూస్తున్నరు.

దేవీసింగ్ తాగిండు.

ఉమాదేవి అద్దం బయట నుంచి చెయ్యి ఊపింది. ఆయన చూడలే. రెండోది తాగిండు. తలుపు కాడికి ఉరికి, వచ్చిన హిందీల బతిమాలింది — నా మనిషికి పానం బాగలేదు, ఒక్కసారి పోనియ్యి అని. ఆ మనిషి పాపం తల వంచుకొని మళ్ల అదే మాట అన్నడు. పల్లవికి ఫోన్ చేసింది. కలవలే.

మళ్ల అద్దం కాడికి వచ్చింది.

అప్పుడు చూసింది —

ఆడుతున్న మందిల ఒక్క ఆడిమనిషి ఆడుతలేదు. ఇటు ఈపు పెట్టి నిలబడ్డది. ఒంటి మీద పొడుగు తెల్లబట్టలు. తడిసినట్టు ఒంటికి అంటుకున్నయి. చుట్టు అందరు ఒకరినొకరు రాసుకుంట, తోసుకుంట ఆడుతున్నరు. ఆమెను మాత్రం ఎవ్వరు తాకుతలేరు. ఆమె ఉన్నకాడ మంది తెల్వకుండనే పక్కకు జరుగుతున్నరు.

ఆమె దేవీసింగ్ కాడికి పోయింది. చేతిల గిలాస తీసి బల్ల మీద పెట్టింది.

"నిజం చెప్తున్న అక్కా" అన్నది నాతోని ఉమాదేవి, "ముందు నాకు పానం నిమ్మళమైంది. ఎవరో పుణ్యాత్మురాలు, గిలాస గుంజుకున్నది అనుకున్న…"

ఆమె దేవీసింగ్ చెయ్యి పట్టుకున్నది. ఎనుక తలుపు దిక్కు నడిచింది. ఆయన పసిపిల్లగాని లెక్క ఎంబడి పోతున్నడు.

ఉమాదేవి రెండు చేతులతోని అద్దం గుద్దింది. "ఏమయ్యా! పోకు! పోకయ్యా!"

లోపలోళ్లు చూసిన్రు. ఎర్రచీరల ఈమె అద్దం గుద్దుడు చూసి నవ్విన్రు. ఆటనుకున్నరు. వాళ్లు సుత చేతులు పైకి లేపి, ఆమె గుద్దినట్టే గాలిల గుద్దుకుంట ఎగిరిన్రు.

దేవీసింగ్ ఒక్కసారి ఎనుకకు మర్రి చూసిండు.

నేరుగ ఉమాదేవినే చూసిండు. ఆయన మొకంల… భయం. గబుక్కున మొకం తిప్పుకొని ఇంకింత జల్ది నడిచిండు.

ఎనుక తలుపు తెరుచుకున్నది. మూసుకున్నది.

* * *

ఉమాదేవి ఎట్ల అరిచిందో ఆమెకే యాదికి లేదు. వంటింటి దిక్కు నుంచి ప్రభుదాసు వచ్చిండు. ఆమె మొకం చూసిండు. చేతిల పళ్లెం కింద పడేసిండు.

"ఎనుకకు పోయిండా?"

ఆమె తల ఊపింది.

వంటింట్ల నుంచి, పనోళ్లు తిరిగే ఇరుకు మెట్ల మీది నుంచి ఉరికిన్రు. ఆ మూలకు చేరే వరకు —

దేవీసింగ్ ఒక కాలు కమ్మీ అవతల ఏసి ఉన్నడు. చెయ్యి ముందటికి చాపి ఉన్నది, ఎవరో పట్టుకున్నట్టు. ముందట ఎవ్వరు లేరు.

ఉమాదేవి పోయి అంగి పట్టుకున్నది. ఆయన తిరిగి చూసి ఒక్కసారే కెవ్వుమన్నడు.

"ముట్టకు! నువ్వు పో! పో!"

ఒక్క తోపు తోసిండు. ఉమాదేవి గోడకు తల తాకి కింద పడ్డది. ప్రభుదాసు దేవీసింగ్ నడుం పట్టి గుంజుతున్నడు. గుంజుతుంటె రాడు. ఒక్క మనిషి బరువు కాదట అది. అవతల నుంచి సుత ఇంకెవరో గుంజుతున్నరు. "ఏసయ్యా… ఏసయ్యా…" అంటున్నడు ప్రభుదాసు. ఉమాదేవి పాక్కుంట పోయి మొగని కాలును రెండు చేతులతోని కావలించుకున్నది.

ఉన్నట్టుండి అవతలి బరువు ఇడిసిపెట్టింది. ముగ్గురు ఇవతల పడ్డరు.

గాలి లేదు. వాన లేదు. కమ్మీ అంత పొడిగ ఉన్నది. ఒక్క జాగల మాత్రం ఐదు వేళ్ల తడి. ఆ వేళ్లు అవతలి దిక్కు నుంచి పట్టుకున్నట్టున్నయి. చూస్తుండంగనే ఒక్కొక్కటే ఆరిపోయినయి.

ఓడ డాక్టరు వచ్చి సూది ఇచ్చి, ఎక్కువ తాగిండన్నడు. ఓడ పెద్దమనుషులు సుత అదే అన్నరు. ఉమాదేవి చెప్పబోతె, రెస్ట్ తీస్కోండ్రి మేడం అన్నరు. ప్రభుదాసు దిక్కు చూసింది. ఆయన నేల చూసిండు. నౌకరి గద మరి… ఏం మాట్లాడతడు?

* * *

తెల్లారి దేవీసింగ్ కండ్లు తెరిచిండు. ఉమాదేవి మంచం పక్కనే కూసొని ఉన్నది. రాత్రంత అడుగుదమనుకున్న మాట అడిగింది.

"ఆమె ఎవరు?"

"ఎవరు?"

"నీ చెయ్యి పట్టుకొని తీస్కపోయినామె."

దేవీసింగ్‌కు సమజ్ కాలే. "నువ్వే గద" అన్నడు.

"నేనా?"

"నువ్వే వస్తివి గద… ఎర్రచీర మార్చి, నీ తెల్ల అనార్కలి ఏసుకొని. గిలాస గుంజుకొని, తాగింది సాలు, దా, గాలికి నిలబడుదమంటివి. నేను తప్పైందనుకుంట నీ ఎంబడి వచ్చిన."

"నేను బయటనే ఉన్న" అన్నది ఉమాదేవి. "నన్ను లోపలికి రానియ్యలేదు. ఎర్రచీర కట్టుకొని… అద్దం గుద్దింది నేనే."

దేవీసింగ్ ఆమెను చూసిండు. చూసి, చూసి… దుప్పటి గుంజుకొని మెల్లగ గోడ దిక్కుకు జరిగిండు.

"అద్దం కాడ సుత నీ మొకమే ఉన్నదాన్ని చూసి నేను భయపడ్డ" అన్నడు. "అదెవరని నిన్నడిగిన. నువ్వు నా చెవుల చెప్పినవ్ —

'అటు చూడకు. అది ఎప్పుడో సచ్చిపోయింది.'"

వాళ్లు ఎల్లారెడ్డికి వచ్చి నెల దాటింది. దేవీసింగ్ మళ్ల ఒక్క చుక్క ముట్టలే. దుకాణం తెరుస్తున్నడు, మూస్తున్నడు. అందరితోని మంచిగనే మాట్లాడుతున్నడు.

ఇంట్ల మాత్రం, ఉమాదేవి ఒక అర్రలకు వస్తె ఆయన ఇంకో అర్రలకు పోతడట. ఆమె పెట్టిన అన్నం, ఆమె పోయినంక తింటడట.

ముచ్చట ఒడిసినంక మిషన్ పక్కన కూసున్న ఆమె నా మొకంలకు చూసి మెల్లగ అడిగింది —

"జీనత్ అక్కా… నేను బతికే ఉన్ననని ఆయనకు ఎట్ల చెప్పాలె?"