ఇక్కడ 'అను' అనరాదు

"అదిగో, మళ్ళీ అన్నాడు! నన్నే పిలిచాడు!"

చిటపట ఇంకా మెట్ల మీదే ఉంది. భుజాన బ్యాగు, కాలికి ఒక చెప్పు, చేతిలో ఒక చెప్పు. బడి నుంచి వస్తుంటే చెప్పు తెగింది. అసలే ఒళ్ళు మండిపోతోంది. ఇంట్లోంచేమో ఈ కేకలూ చప్పట్లూ వినిపిస్తున్నాయి.

చిటపట ఆ పిల్ల అసలు పేరు కాదు. కాగే నూనెలో నీటిచుక్క పడ్డట్టు మాట్లాడుతుందని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. ముక్కు మీదే కోపం అంటారు చూడండి, ఆ రకం. కానీ ఆ శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల కోపంలో న్యాయం ఉంది. కావాలంటే మీరే వినండి.

గది మధ్యలో బొంత మీద బుడ్డోడు కూర్చున్నాడు. వాడు చిటపట తమ్ముడు. తొమ్మిది నెలలు. నిన్నమొన్నటి దాకా 'ఉంగా ఉంగా' తప్ప ఏమీ రాదు. ఇప్పుడు నోరు మూత పడడం లేదు.

"తాతాతాతా," అన్నాడు బుడ్డోడు చొంగ కారుస్తూ.

"విన్నారా? తాతా అని ఎంత స్పష్టంగా పిలిచాడో!" అన్నాడు తాతయ్య. ఆయన ముందు గదిలో కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని, పని వదిలేసి వచ్చేశాడు.

"అదెలా? నిన్న సాయంత్రమే నానానా అన్నాడు. మొదటి మాట నాన్న. రికార్డు నాదే," అన్నాడు నాన్న. నాన్న సిటీ బస్సు డ్రైవరు. భోజనానికి వచ్చి, యూనిఫాంలోనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మొన్న నేను పౌడరు రాస్తుంటే అత్తత్తత్త అన్నాడు. అంటే మీకంటే ఒక రోజు ముందే," అంది అత్త. అత్త నాన్నకి చెల్లెలు. మందుల షాపులో పని చేస్తుంది కాబట్టి పిల్లల గురించి తనకే ఎక్కువ తెలుసని నమ్మకం.

అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని పంటితో దారం తెంపింది. "ఆకలేస్తే మాత్రం మ్మమ్మమ్మ అంటాడు. మిగతావన్నీ సరదాకి," అంది.

ఆఖరికి ఊళ్ళో లేని మామయ్య కూడా ఫోన్‌లో 'మామా' అని విన్నాడట.

చిటపట చేతిలో చెప్పు కింద పడేసింది.

"మరి నన్ను?"



"అక్క అనడం కష్టం తల్లీ. నాలుక వెనక్కి పోవాలి. కొన్నాళ్ళు ఆగు," అన్నాడు తాతయ్య.

"ఎందుకాగాలి? మూడో నెలలోనే నన్ను చూసి 'అగ్గూ' అన్నాడు! అప్పుడు చెబితే అత్త ఏమంది? కడుపులో గాలి అంది. తాతయ్యకైతే పిలుపు, నాకైతే గాలా?"

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వే చిటపటని ఇంకా మండించింది.

నిజమే కదా! వాడి చొంగ తుడిచేది ఎవరు? వాడు అమ్మ టేపు నమిలేస్తుంటే నోట్లోంచి లాగేది ఎవరు? దారం అయిపోయిన రీళ్ళన్నీ తాడుకి గుచ్చి అమ్మ వాడికో గిలక్కాయ లాంటి గిలక చేసింది. దాన్ని వాడు ఒక్క పూటలో నలభై రెండు సార్లు కింద పడేస్తాడు. చిటపట లెక్కపెట్టింది. నలభై రెండు సార్లూ వంగి తీసిచ్చింది కాబట్టి లెక్క తెలుసు. పనికేమో అక్క, పిలుపుకేమో మిగతావాళ్ళందరూ!

'సరే, నేనే నేర్పిస్తా,' అనుకుంది చిటపట.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. బుడ్డోడిని కమ్మీల మంచంలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుంది. గిలక తన ఒళ్ళో పెట్టుకుంది.

"అక్క అను."

"తాతాతా."

"తప్పు. అక్క అను."

"బాబాబా."

"ష్! తప్పు!" చిటపట వాడి పెదాల మీద వేలు పెట్టింది. బుడ్డోడు గిలక కోసం చెయ్యి చాపాడు. చిటపట దాన్ని వీపు వెనక దాచింది. "సరిగ్గా అంటేనే ఇస్తా."

చిటపట చెడ్డ పిల్లేం కాదు. వాళ్ళ క్లాసులో డిక్టేషన్ అలాగే జరుగుతుంది. ఒప్పయితే స్టార్, తప్పయితే ఎర్ర గీత. మాటలు నేర్చుకోవడమంటే అదే అనుకుంది.

మొదటి రోజు బుడ్డోడు ఆట అనుకుని నవ్వాడు. రెండో రోజు గిలక కోసం ఏడ్చాడు. మూడో రోజు 'తా' అని, వెంటనే అక్క వేలు వైపు చూశాడు. నాలుగో రోజు నోరు తెరిచాడు. చిటపటని చూశాడు. నోరు మూసేశాడు.

'ఆలోచిస్తున్నాడు,' అనుకుంది చిటపట సంబరంగా.

మిగతావాళ్ళు తక్కువ తిన్నారా? వెళ్తూ వస్తూ తాతయ్య "తాత అను" అంటాడు. బూట్లు విప్పుతూ నాన్న "నాన్న అను" అంటాడు. అత్త గిలిగింతలు పెట్టి మరీ "అత్త అను" అంటుంది. ఇల్లంతా ఒకటే 'అను'.

గురువారం సాయంత్రం అమ్మ కుడుతూ కుడుతూ, మిషన్ చక్రం మీద అరచెయ్యి వేసి ఆపింది.

"ఇల్లేంటి ఇంత నిశ్శబ్దంగా ఉంది?"

అందరూ బుడ్డోడి వైపు చూశారు. వాడు మంచం కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నిన్నటి నుంచీ వీడి నోట ఒక్క ముక్క వినలేదు నేను," అంది అమ్మ.

"రోజంతా ఆ మిషన్ మోత వింటే ఎవరు మాత్రం మాట్లాడతారు?" అన్నాడు నాన్న.

"నీ బండి హారన్ మోతో? సందు మొదట్నించీ కొట్టుకుంటూ వస్తావు," అంది అత్త.

తాతయ్య ముందు గదిలోకి వెళ్ళి ఒక అలారం గడియారం తెచ్చాడు. బుడ్డోడి వెనక నిలబడి మోగించాడు. వాడు చటుక్కున వెనక్కి తిరిగాడు.

"వినిపిస్తోంది," అన్నాడు తాతయ్య.

"మరి మాట ఎందుకు పోయింది?" అంది అమ్మ. ఆ సాయంత్రం ఇక మిషన్ తిరగలేదు.

చిటపట తేలు కుట్టిన దొంగలా ఒక మూల కూర్చుంది. ఎవరూ ఆ పిల్లని ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు, అడగకపోతే బాగుండు అని రెండూ అనిపించింది.

శనివారం అందరూ కలిసి క్లినిక్‌కి వెళ్ళారు. డాక్టరమ్మ బుడ్డోడి చెవుల్లో లైటు వేసి చూసింది. నాలుక చూసింది. గంట మోగించింది.

"పైకి అంతా బాగానే ఉంది. ఎందుకైనా మంచిది, పెద్ద ఆసుపత్రిలో ఒక టెస్టు చేయించండి. తలకి వైర్లు పెట్టి చూస్తారు," అని చీటీ రాసిచ్చింది.

అమ్మ ఆ చీటీని రెండు చేతులతో పట్టుకుంది. "వైర్లు పెడితే ఏడుస్తాడేమో కదండీ?" అని అడిగింది.

చిటపట ఇక ఆగలేకపోయింది.

"వాడికి ఏ వైర్లూ వద్దు! వాడి నోరు నేనే మూయించాను!"

గది మొత్తం తనవైపు తిరిగింది.

"అందర్నీ పిలుస్తాడు, నన్ను పిలవడు. అందుకని అక్క అనమన్నాను. తాతా అంటే తప్పన్నాను, బాబా అంటే తప్పన్నాను. పెదాల మీద వేలు పెట్టాను. గిలక కూడా ఇవ్వలేదు." అంతే, బోరుమంది.

అమ్మ చేతిలోని చీటీని చిన్నగా మడుచుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది చిటపటకి.

"తొమ్మిది నెలలవాడికి తప్పేంటమ్మా, ఒప్పేంటి?" అంది డాక్టరమ్మ. తర్వాత పెద్దవాళ్ళ వైపు తిరిగింది. "మీరందరూ వీడితో ఏం మాట్లాడతారు?"

"నేను... తాత అను అంటాను," అన్నాడు తాతయ్య.

"నాన్న అను అంటాను," అన్నాడు నాన్న.

అత్త పైకి చెప్పకుండా తల ఊపింది.

డాక్టరమ్మకి కూడా కోపం వచ్చింది. "అంటే పసివాడిని కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ పాఠం అప్పజెప్పించుకుంటున్నారు! వాడు ఏదైనా అంటే జవాబు చెప్పినవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?"

ఎవరూ తల ఎత్తలేదు. రికార్డు నాదే అన్న నాన్న కూడా.

"దీనివల్లే అని ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. "వచ్చే శనివారం దాకా చూద్దాం. అప్పటికీ నోరు విప్పకపోతే టెస్టు తప్పదు. చీటీ దగ్గర పెట్టుకోండి."

ఇంటికి వస్తూనే చిటపట తాతయ్య దగ్గర గోడ గడియారం వచ్చిన అట్టపెట్టె అడిగి, ఒక ముక్క కత్తిరించింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి మంచం కమ్మీకి కట్టింది.

'ఇక్కడ 'అను' అనరాదు.'

నాన్న వంగి చదివాడు. "ఇదేంటే? మా బస్సులో 'పొగ త్రాగరాదు' అన్నట్టు!"

"అక్కడ పాటిస్తారుగా, ఇక్కడా పాటించండి," అంది చిటపట.

పాటించడం అంత తేలిక కాదు. తాతయ్య అలవాటుగా "తాత అ..." అని, చిటపట చూపు చూసి మిగతాది మింగేశాడు.

చిటపటకి అన్నిటికంటే కష్టం వేరే ఉంది. తను దగ్గరికి వెళ్తే చాలు, బుడ్డోడు పెదాలు బిగించుకునేవాడు. జుట్టు పీకినా, వేలు కొరికినా ఇంత బాధ ఉండేది కాదు. గిలక ఇచ్చింది. వాడు పడేశాడు. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ పడేశాడు. ఆదివారం అలాగే గడిచింది. సోమవారం అలాగే గడిచింది. అమ్మ టేబుల్ మీద, కత్తెర కింద, ఆ చీటీ అలాగే ఉంది.

మంగళవారం సాయంత్రం చిటపట మంచం పక్కన నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"బ్ప."

చాలా చిన్నగా వినిపించింది. చిటపట తల ఎత్తింది. బుడ్డోడు ఆ పిల్ల వేలు వైపు చూస్తున్నాడు. చిటపట గబగబా రెండు చేతులూ తొడల కింద దాచేసుకుంది.

"బ్ప," అంది తను కూడా, అంతే చిన్నగా.

బుడ్డోడు కళ్ళు పెద్దవి చేశాడు.

"బ్ప బ్ప."

"బ్ప బ్ప."

"బుర్ర్ర్ర్!"

"బుర్ర్ర్ర్!"

లెక్కల నోటుబుక్కు మీద ఉమ్మి తుంపర పడి ఒక భాగహారం మొత్తం అలుక్కుపోయింది. పడనీ! చిటపటకి జన్మలో అంత సంతోషం కలగలేదు. వాడు తాతా అంటే తాతా అంది. నానా అంటే నానా అంది. ఏడుస్తూ నవ్వుతూ అంది. మిషన్ దగ్గర అమ్మ అంతా వింటూ, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

శనివారం నాటికి మళ్ళీ ఇల్లు ఎగిరిపోయేంత గోల. క్లినిక్‌లో బుడ్డోడు స్టెతస్కోపు గొట్టం పట్టుకుని డాక్టరమ్మని "తాతాతా" అని దబాయించాడు. ఆమె నవ్వి, చీటీ వెనక్కి తీసుకుని చింపేసింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ అందరూ మంచం చుట్టూ చేరారు. బుడ్డోడు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. చొంగ కారే వేలు ముందుకి చాపాడు.

"అన్నూ."

"నాన్నే! ముందున్న 'నా' మింగేశాడు," అన్నాడు నాన్న.

"అత్తలో కూడా 'అ' ఉంది," అంది అత్త.

"నావైపు చూసి అన్నాడు," అన్నాడు తాతయ్య.

"మీరు ఆగండి! వాడిని చెప్పనివ్వండి," అంది చిటపట.

బుడ్డోడు కనుబొమలు ముడిచాడు. వేలు సరిగ్గా చిటపట వైపు పెట్టాడు.

"అను!"

ముందు అమ్మ నవ్వింది. "ఈ ఇంట్లో వాడు ఎక్కువసార్లు విన్న మాట అదేగా!" అంది.

చిటపట చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "వాడు మనలో ఎవర్నీ పిలవట్లేదు. మన చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు," అంది.

"మరి బోర్డో? రూలు రూలే," అన్నాడు నాన్న.

చిటపట ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చి, అట్టముక్క మీద కింద ఇంకో ముక్క రాసింది. 'బుడ్డోడు తప్ప.'

"అను!" అన్నాడు బుడ్డోడు మళ్ళీ. వాడికి ఆలస్యం నచ్చలేదు.

"ఏమనాలిరా?" అంది చిటపట.

"తాతాతా."

చిటపట మోకాళ్ళ మీద కూర్చుని, వాడి మొహంలో మొహం పెట్టింది.

"తాతాతా," అంది గట్టిగా.

బుడ్డోడు ఆ పిల్ల నోటి వైపు పరీక్షగా చూశాడు. తర్వాత కూలబడి, పక్కనున్న రీళ్ళ గిలక తీసి, కమ్మీల సందులోంచి అక్క చేతిలో పెట్టాడు. చొంగతో నిలువునా తడిసిన గిలక. చిటపట దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తర్వాతి పాఠం కోసం బుద్ధిగా కూర్చుంది.