పేరు పెట్టి పిలిచే బావి

హిందూపురం నుంచి పెనుకొండకు వచ్చేటప్పుడు, పెద్ద రోడ్డు వదిలి గుట్టల పక్కకు తిరిగితే పాడుబడిన చీనీ తోట, అదే బత్తాయి తోట, ఒకటి ఉండాది. చెట్లు ఎప్పుడో ఎండిపోయినాయి. బావి మాత్రం నోరు తెరుచుకుని అట్లే ఉండాది. నీళ్లు లేవు. చుట్టుగోడ సగం కూలిపోయింది.

ఆ బావికి చెడ్డపేరు. పొద్దు గూకినాక అది మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుందంటారు. పొరపాటున ‘ఆ’ అని పలికితే... ఇంక అంతే. పలికినోళ్లు ఇల్లు చేరరు. అట్లా చేరనోళ్లు ఎవరప్పా అని అడిగితే ఒక్కరి పేరూ చెప్పలేరు. అయినా ఆ దారిన పోయేవాళ్లు దగ్గు వచ్చినా మింగుకునే పోతారు.

ఈ కథ నాకు చెప్పింది అబ్దుల్లా. ధర్మవరం స్టేషన్‌లో, రైలు ఆలస్యమైన ఒక పూట. జరిగింది ఆయనకే.

అబ్దుల్లాకు హిందూపురంలో కళ్లద్దాల అంగడి. కాపురం పెనుకొండలో. మనిషి మంచోడే గానీ ఒక పిచ్చి ఉండాది — రేడియో. పాటలు వినేది కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, యాడో దూరాన ఉండే ఇంకో రేడియో పిచ్చోనితో మాట్లాడేది. అది కూడా నోటితో కాదు... చుక్కా గీతా, చుక్కా గీతా — మీట నొక్కుతూ అక్షరం అక్షరం పంపేది. దాంట్లో మళ్లీ ఒక మొండితనం. పవర్ తక్కువుండాల. టార్చిలైటుకు సరిపోయేంత కరెంటుతో ఎంత దూరం పోతే అంత గొప్ప! టిఫిను డబ్బా అంత పెట్టె, చిన్న బ్యాటరీ, పొడుగాటి వైరు. ఇదీ ఆయన సరంజామా.

“ఫోను చేస్తే అయిపోయేదానికి ఇంత కత యెందుకు?” అంటుంది భార్య మెహరున్నీసా.

“అంగట్లో చేపలు దొరుకుతాయని గాలం వేసేది మానేస్తారా?” అంటాడు ఈయన.

ఇంట్లో కూర్చుంటే వీధిలోని ఇన్వర్టర్లు, మోటార్లు, లైట్లు అన్నీ కలిసి రేడియోలో గుయ్యిమంటాయి. ఆ చీనీ తోట దగ్గర కరెంటు తీగే లేదు. అక్కడ చెవి పెడితే ఆకాశం అంతా వినబడుతుందంటాడు. దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాడు. “ఉంటే ఉండనీలే. ఇన్వర్టర్ లేకుంటే చాలు.”

ఆ రోజు అంగడి తొందరగా మూసి, పొద్దు వాలుతుండగా అక్కడ బండి ఆపినాడు. వైరుకు రాయి కట్టి కానుగచెట్టు కొమ్మ మీదుగా విసిరినాడు. పెట్టె మెడకు తగిలించుకున్నాడు. ఫోను బండి సంచిలోనే ఉండిపోయింది. వైరు బిగువుగా రావాలని పైకి చూస్తా, వెనక్కి నడుస్తా...

“ఇంకో అడుగు, ఇంకో అడుగు అనుకుంటా పోయినాన్నా” అన్నాడు నాతో. “అడుగైతే పడింది... కింద నేల లేదు.”

గోడకు ఒరుసుకుంటా జారి, కూలిన మట్టిదిబ్బ మీద పడినాడు కాబట్టి ప్రాణం దక్కింది. పెట్టెను రెండు చేతుల్తో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడంట. చీలమండ మాత్రం బెణికి, చూస్తుండగానే ఉబ్బింది. లేస్తే కళ్లు తిరిగినాయి. పైన గుండ్రంగా ఆకాశం... నల్లబడుతా ఉండాది. రాళ్ల సందుల్లో ఏదో సరసరమని కదిలింది.

పైన ఫోను మోగింది. మెహరున్నీసాదే. మోగి, మోగి, ఆగిపోయింది.

అప్పుడే గొర్రెల గంటలు వినబడినాయి. “హుర్ర్... దా!” — ఆ గొంతు అబ్దుల్లాకు తెలుసు. పోయిన నెలలో తానే అద్దాలిచ్చిన ఓబుళప్ప. ప్రాణం లేచొచ్చింది. ఉన్న శక్తి అంతా కూడదీసుకుని అరిచినాడు.

“ఓబుళప్పా...!”

గంటలు ఆగినాయి.

“ఓబుళప్పా... ఈడ్నే ఉండా... బావిలో...”

పైన చెప్పులు రెండడుగులు వెనక్కి జరిగిన చప్పుడు.

“ఓబుళప్పా... దగ్గరికి రాప్పా...”

అంతే! గొర్రెలు ఒక పక్కకు, ఓబుళప్ప ఒక పక్కకు. చెప్పులు ఆడ్నే వదిలేసి, నోరు రెండు చేతుల్తో గట్టిగా మూసుకుని — ఎక్కడ ‘ఆ’ అంటానో అని — రోడ్డు మీది టీ అంగడి దాకా పరుగే పరుగు. వెనకనుంచి అబ్దుల్లా తిట్టిన తిట్లు ఇంకా భయపెట్టినాయంట.

అరిచి అరిచి అబ్దుల్లా గొంతు పోయింది. చీకటి పడింది. ఇంక మిగిలింది మెడలో పెట్టె. వైరు ఇంకా పైన చెట్టు కొమ్మకే ఉండాది, ఇంకో కొస పెట్టెలోనే ఉండాది. బటన్ నొక్కితే... చిన్న లైటు వెలిగింది.

మీట నొక్కినాడు. ‘ఎవరన్నా ఉన్నారా... ఆపద... బావిలో పడినా...’ పెనుకొండ దారిలో గుట్టల పక్క చీనీ తోట అని చోటు, భార్య ఫోను నంబరు. మళ్లీ అదే. మళ్లీ అదే. బ్యాటరీ నీరసపడుతుండగా, చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోనులో ఎంతో సన్నగా బదులు వచ్చింది — ‘అందింది. ఉండు.’

కోయంబత్తూరు నుంచి! సెల్వరాజ్ అని ఒక రిటైర్డ్ మాష్టారు. ఆయన వెంటనే మెహరున్నీసాకు ఫోను చేసినాడు. ఆయనకు తెలుగు రాదు. ఈమెకు అరవం రాదు. మధ్యన ఇంగ్లీషు.

“మేడమ్! యువర్ హస్బెండ్... వెల్!”

“బాగుండాడా? థాంక్యూ సార్” అని పెట్టేసింది.

మళ్లీ మోగింది. “నో, నో! హస్బెండ్ ఇన్ వెల్! ఇన్ వెల్!”

“తెలిసింది సార్. వెల్, వెల్. ఇంత ఆలస్యం చేసి ఎవరితోనో చెప్పించేది చూడు...” అని మళ్లీ పెట్టేసింది.

మూడోసారి పాపం మాష్టారు ఏడుపు గొంతుతో అరిచినాడు. “వాటర్ వెల్ మేడమ్! చీనీ తోట! ఫాలింగ్! ఫాలింగ్!”

చేతిలో గరిటె జారి కింద పడింది.

పక్కింటి బాలాజీ ఆటో తీసుకుని, ఇద్దరూ రోడ్డు మీది టీ అంగడికి వచ్చేసరికి ఆడ పెద్ద గుంపు. మధ్యలో ఓబుళప్ప, మొహం మీద నీళ్లు చల్లించుకుంటా ఉండాడు.

“చీనీ తోటకు యాడ తిరగాలప్పా?” అని అడిగింది.

“వద్దమ్మా! ఈ పొద్దు బావి గట్టిగా పిలుస్తాండాది. నన్ను మూడుసార్లు పిల్చింది!”

“గొంతు ఎట్లుండాది?”

“మొగ గొంతు. బొంగురు. నేను పలక్కపోతే... తిట్టింది గూడా.”

“ఏమని తిట్టింది?”

ఓబుళప్ప అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతా, ఆమె పక్కన ఉన్న బాలాజీ చెవిలో చెప్పినాడు. బాలాజీ ఇబ్బందిగా ఆమెకు చెప్పినాడు.

“యా అల్లా... అది మా ఇంటాయనే!” అనింది మెహరున్నీసా. “ఆ తిట్టు ఇంకెవ్వరికీ రాదు. తాడు తీసుకోని రాండి!”

బావి దగ్గరికి వచ్చినాక కూడా ఎవరూ ముందుకు పోలేదు. ఆమే అంచున మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది. కింద మట్టిదిబ్బ మీద, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయి... తన మొగుడు.

“ఇదో... వినబడతాందా?”

“వస్తివా...” అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆమె అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

తాడు కిందికి దింపినాక అందరికంటే ముందు పట్టుకుని లాగింది ఓబుళప్పే. పైకి వచ్చిన మనిషిని కాళ్ల నుంచి తల దాకా తడిమి చూసి, “తిడితే తిడితివి గానీ, పేరు పెట్టి మాత్రం పిలవాకు సామీ” అన్నాడంట. అందరూ నవ్వినారు. అబ్దుల్లా కూడా.

కథ అంతేననుకుని నేనూ నవ్వినాను. స్టేషన్‌లో మా రైలు వస్తోందని మైకులో చెప్పినారు. అబ్దుల్లా మాత్రం లేవలేదు.

“కాలు నయమైనాక మాష్టారుకు ఫోను చేసినాన్నా” అన్నాడు, గొంతు తగ్గించి. “మా అంగట్లో పనిచేసే రాఘవేంద్రకు అరవం వస్తాది. వాణ్ణి మధ్యన పెట్టుకున్నా. ‘బావిలోనుంచి, అంత తక్కువ పవర్‌తో... నా సిగ్నల్ మీకు ఎట్లా అందింది సార్?’ అని అడిగినా.”

“ఏమన్నాడు?”

“‘నీది నాకు అందలేదు నాయనా’ అన్నాడు. ‘ఏదో గీరినట్టు ఉండింది, ఒక్క అక్షరం తెలియలేదు. ఇంకో ఆయన ఉన్నాడే... నువ్వు కొట్టిన ప్రతి మాటా ఆయనే మళ్లీ కొట్టి చెప్పినాడు. పాతకాలపు చెయ్యి. నిదానంగా, ముత్యాల్లాగ. ఆయన చెప్తేనే నేను రాసుకున్నా’ అన్నాడు.”

రైలు లైటు పట్టాల మీద పడింది.

“‘ఎవరు, యాడనుంచి అని మీరు అడగలేదా’ అన్నా. ‘పేరు చెప్పలేదు. నువ్వుండే చోటే అన్నాడు. మీ దగ్గర గుట్టలున్నాయంటివే, గుట్ట దిగువన ఉన్నాడేమో అనుకున్నా’ అన్నాడు.”

“ఎందుకట్లా అనుకున్నాడు?”

అబ్దుల్లా నా చెయ్యి పట్టుకున్నాడు.

“‘ఆ చోట్లో యాడ?’ అని మాష్టారు అడిగితే... ‘అతని కిందనే ఉండా’ అన్నాడంట ఆయన.”